పాత కాలనీ కూల్చితే కొత్త ఇల్లు ఎవరి పేరున వస్తుంది?

క్లుప్తంగా: శ్రీకాకుళం, విజయనగరం లాంటి పట్టణాల్లో ప్రభుత్వం కట్టించిన పాత ఇళ్లు ఒక్కొక్కటిగా మరమ్మతుకు లొంగని దశకు వస్తున్నాయి. వాటిని కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టాలంటే ముంబై తరహా లెక్క పనికిరాదు. ఇక్కడి భూమి ధర ఆ ఖర్చును మోయలేదు. ఖర్చు ఎవరిదన్నది తేలినా ఇంకో చిక్కు మిగులుతుంది. కాగితంలో పేరున్న మనిషి, ఆ ఇంట్లో కాపురం ఉంటున్న మనిషి చాలాచోట్ల ఒకరు కారు.

వర్షాకాలంలో పాత కాలనీల్లో వినిపించే ఫిర్యాదులు దాదాపు ఒకేలా ఉంటాయి. శ్లాబు కారుతోంది, పెచ్చులు ఊడి పడుతున్నాయి, ఊచలు బయటికి తేలాయి, మెట్ల గోడ ఊగుతోంది. ఇంజనీరు వచ్చి చూసి వెళ్తారు, శిథిల భవనమని నోటీసు అంటిస్తారు. అప్పటినుంచి ఆ కాలనీలో రెండు మాటలు తిరుగుతాయి. ‘కూల్చి కొత్తవి కట్టి ఇస్తారట’ అనేది ఒకటి. ‘ఖాళీ చేయిస్తే మళ్లీ రానివ్వరు’ అనేది రెండోది. రెండింటికీ ఆధారాలు ఉన్నాయి. దేశంలో రెండూ జరిగాయి.

‘గవర్నమెంటు ఇల్లు’ అంటే ఏ ఇల్లు?

చర్చ మొదట్లోనే తికమక పడేది ఈ మాట దగ్గరే. లండన్‌లోనో వియన్నాలోనో ప్రభుత్వ గృహ సముదాయం అంటే యజమాని ప్రభుత్వం, ఉంటున్నవారు అద్దెదారులు. మన దగ్గర ఆ పద్ధతి దాదాపు లేదు. హౌసింగ్ బోర్డు కాలనీల్లో ఎల్ఐజీ (తక్కువ ఆదాయ వర్గం), ఎంఐజీ (మధ్య ఆదాయ వర్గం) ఇళ్లను వాయిదాల మీద అమ్మేశారు. వాయిదాలు తీరాక రిజిస్ట్రేషన్ జరిగింది. అవి ఇప్పుడు సొంత ఇళ్లే. వాటిలో చాలావాటిని యజమానులే పడగొట్టి రెండు మూడు అంతస్తులు లేపేశారు. పేరుకు మాత్రం ‘హౌసింగ్ బోర్డు’ మిగిలింది.

నిజంగా ప్రభుత్వానివని చెప్పదగ్గవి ఉద్యోగుల క్వార్టర్లు. పోలీసు లైన్లు, ఆస్పత్రి క్వార్టర్లు, మున్సిపల్ పారిశుధ్య కార్మికుల ఇళ్లు ఈ కోవలోకి వస్తాయి. వీటిలో చివరిదాని సంగతి వేరు. ఉత్తరాంధ్ర పట్టణాల్లో పారిశుధ్య పని తరాలుగా చేస్తున్నవారిలో రెల్లి కులస్తులు ఎక్కువ. తాత, తండ్రి, కొడుకు ఒకే పనిలో ఉన్న కుటుంబం దశాబ్దాలుగా ఒకే గదిలో ఉన్నా, చట్టం లెక్కలో అది ఉద్యోగంతో వచ్చి ఉద్యోగంతో పోయే వసతి. పట్టా ఉండదు. అలాంటి లైను కూలిస్తే పునరావాసం హక్కుగా రాదు. ప్రభుత్వం దయతలిస్తేనే వస్తుంది.

మూడో రకం వాంబే, రాజీవ్ గృహకల్ప లాంటి పథకాల ఇళ్లు. 2001 డిసెంబరులో మొదలైన వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజనలో (వాంబే అంటే ఇదే) ఇంటికి కనీస విస్తీర్ణం 15 చదరపు మీటర్లు, అంటే సుమారు 160 చదరపు అడుగులు (ఇకపై అడుగులన్నా అవే). పెద్ద నగరాలు కాని పట్టణాల్లో ఒక్కో ఇంటికి ఖర్చు పరిమితి 40 వేల రూపాయలు. ఆ సొమ్ముతో ఏం కట్టగలరో అదే కట్టారు.

నాలుగోది టిడ్కో, అంటే పట్టణ పేదల కోసం ఆ పేరుగల రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కట్టించిన ఇళ్లు. 300, 365, 430 అడుగుల ఫ్లాట్లతో, జీ ప్లస్ త్రీ (కింది అంతస్తు, పైన మూడు) బ్లాకులుగా, గోడలనే కాంక్రీటుతో పోసే షియర్ వాల్ పద్ధతిలో కట్టినవి. వీటికి కూల్చే వయసు రాలేదు. కానీ పాత కాలనీల స్థానంలో రేపు ఏం వస్తుందో ఊహించడానికి కళ్లముందున్న నమూనా ఇదే. అందుకే తర్వాత మళ్లీ దీని దగ్గరికి రావాలి.

ఇరవై ఏళ్లకే ఎందుకు పాడవుతాయి

సాధారణంగా కాంక్రీటు భవనం యాభై అరవై ఏళ్లు నిలవాలి. పథకాల ఇళ్లు అందులో సగం కాలానికే నోటీసు దాకా రావడానికి మూడు కారణాలు కలిసొస్తాయి. మొదటిది సముద్రం. ఉప్పుగాలి తగిలే జిల్లాల్లో ఊచల మీద కాంక్రీటు పొర పలచగా ఉంటే లోపల తుప్పు తొందరగా మొదలవుతుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది, ఉబ్బిన ఊచ పెచ్చును నెడుతుంది. రెండోది తుపాన్లు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ కొట్టిన దెబ్బలకు పగుళ్లు పడ్డ కప్పుల్లోకి ఆ తర్వాతి ప్రతి వానా నీరు దింపుతూనే వచ్చింది.

మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. పైకప్పుకు యజమాని లేడు. విడి ఇంట్లో ఉంటే ఎవరి శ్లాబు వారు చూసుకుంటారు. మూడంతస్తుల బ్లాకులో టెర్రస్ అందరిది, అంటే ఎవరిదీ కాదు. కారేది పై అంతస్తు వాళ్లకు, ఖర్చు మాత్రం అందరూ పెట్టుకోవాలి. కింది అంతస్తు వాళ్లు చందా ఇవ్వరు. ఇల్లు లబ్ధిదారుకు అప్పగించాక ప్రభుత్వ శాఖ పుస్తకంలో ఆ భవనం ఉండదు. సంఘం పెట్టుకుని నెలనెలా నిర్వహణ రుసుము వసూలు చేసుకోవాలన్నది కాగితం మీద నియమం. రోజు కూలీ మీద బతికే ఇళ్లలో అది నిలబడటం అరుదు.

చెన్నై తిరువొత్తియూరులో 2021 డిసెంబరు 27న మురికివాడల నిర్మూలన బోర్డు కట్టిన 24 ఇళ్ల బ్లాకు ఒకటి కూలిపోయింది. పగుళ్లు చూసి జనం ముందే బయటికి రావడంతో ప్రాణనష్టం తప్పింది. మన పట్టణాల్లో నోటీసుల వెనక అధికారులకు ఉండే టెన్షన్ అదే. కూల్చకపోతే కూలుతుంది. కూల్చితే రోడ్డున పడ్డామంటారు.

ముంబై లెక్క ఇక్కడ ఎందుకు తేలదు

‘ముంబైలో బిల్డరే ఉచితంగా ఫ్లాటు కట్టిస్తాడు, ఇక్కడెందుకు కట్టడు?’ అని అడిగేవారు చాలామంది. 1995 నుంచి అక్కడ నడుస్తున్న మురికివాడల పునర్నిర్మాణ పథకంలో పేదలకు ఫ్లాట్లు కట్టిచ్చినందుకు బిల్డరుకు అదనంగా కట్టి అమ్ముకునే హక్కు ఇస్తారు. ఆ అమ్మకంలో వచ్చిన లాభమే పేదల ఫ్లాట్లకు పెట్టుబడి. అంటే దానం చేస్తున్నది బిల్డరు కాదు, అక్కడి భూమి ధర.

దీన్ని ఒక ఎకరం మీద వేసి చూస్తే తేడా తెలుస్తుంది. కింది ధరలు ఉదాహరణ కోసం తీసుకున్నవి మాత్రమే. ఎకరంలో 100 కుటుంబాల కాలనీ ఉందనుకుందాం. ఒక్కొక్కరికి 430 అడుగుల ఫ్లాటు ఇవ్వాలి. మెట్లు, వరండాలు కలిపితే మొత్తం సుమారు 54 వేల అడుగులు కట్టాలి. అడుగుకు 2 వేలు వేసుకుంటే 10 కోట్ల 80 లక్షలు అవుతుంది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన కొత్త దశలో కేంద్రం, రాష్ట్రం కలిపి ఇంటికి రెండున్నర లక్షలు వచ్చాయనుకున్నా అది రెండున్నర కోట్లు. ఇంకా 8 కోట్ల 30 లక్షలు కావాలి.

పట్టణంలో ఫ్లాటు అడుగు 3,500 చొప్పున అమ్ముడైతే, నిర్మాణ ఖర్చు, వడ్డీ, అమ్మకం ఖర్చులు పోను బిల్డరుకు మిగిలేది వెయ్యి దాకా. ఆ వెయ్యితో 8 కోట్ల 30 లక్షలు రాబట్టాలంటే 83 వేల అడుగులు అమ్మాలి. అంటే 1,100 అడుగుల ఫ్లాట్లు 75. ఒక్క ఎకరంలో 175 కుటుంబాలు, లిఫ్టులు, పార్కింగు, మురుగునీటి ఏర్పాటు. పైగా పక్క బ్లాకులో పారిశుధ్య కార్మికులుంటే ఆ ధర పెట్టి కొనేవారు వస్తారా అన్న ప్రశ్నను ఏ బిల్డరూ బయటికి అడగడు, లోపల తప్పకుండా వేసుకుంటాడు. అదే లెక్క ముంబైలో వేస్తే, నిర్మాణ ఖర్చు రెట్టింపైనా, సబ్సిడీ ఒక్క రూపాయి రాకపోయినా, అడుగు మీద 15 వేలు మిగిలే చోట 15 వేల అడుగుల లోపు అమ్మితే చాలు.

కాబట్టి శ్రీకాకుళం, విజయనగరాల్లో ప్రైవేటు భాగస్వామ్యం అనే మాట వినిపిస్తే అది సాధారణంగా ఊరి నడిబొడ్డున, మెయిన్ రోడ్డు ముఖంగా ఉన్న స్థలాల గురించే అయి ఉంటుంది. లోపలి కాలనీలను అడిగేవారు ఉండరు. పునర్నిర్మాణం అవసరాన్ని బట్టి కాక రోడ్డును బట్టి జరిగే ప్రమాదం ఇక్కడుంది. ఢిల్లీలో సరోజినీ నగర్, నౌరోజీ నగర్ సహా ఏడు ప్రభుత్వ క్వార్టర్ల కాలనీల పునర్నిర్మాణానికి 2016లో ఆమోదం ఇచ్చినప్పుడు కూడా సూత్రం ఇదే. వాణిజ్య స్థలం అమ్మి క్వార్టర్లు కట్టడం. నౌరోజీ నగర్ లాంటి చోటు మన జిల్లా కేంద్రాల్లో ఒకటో రెండో ఉంటాయేమో, ఏడు ఉండవు.

మరి ఖజానా భరిస్తే? సికింద్రాబాద్ బోయిగూడ ఐడీహెచ్ కాలనీ అందుకు తెలుగువారికి తెలిసిన ఉదాహరణ. ఉన్నచోటే 396 డబుల్ బెడ్రూం ఇళ్లు కట్టి 2015 నవంబరులో ప్రారంభించారు. ఖర్చు ప్రభుత్వానిదే, అమ్మకం లేదు. కాలనీ బాగుంది. కానీ ఆ నమూనాను వేల కాలనీలకు పాకించాలంటే ఏ రాష్ట్ర బడ్జెటూ సరిపోదు. ఒక్క కాలనీని చూపించడం తేలిక.

మిగిలేది లబ్ధిదారు అప్పు. టిడ్కోలో 365, 430 అడుగుల ఫ్లాట్లకు లబ్ధిదారు వాటాతో పాటు 3 లక్షలకు పైగా బ్యాంకు రుణం జోడించారు. ఇళ్లు చేతికి రాకముందే వాయిదాలు కట్టమని బ్యాంకు నోటీసులు అందిన ఉదంతాలు రాష్ట్రంలో పలుచోట్ల వార్తలయ్యాయి. పునర్నిర్మాణంలో ఇదే పద్ధతి పెడితే, అప్పటిదాకా శిథిలమైనా అప్పులేని ఇంట్లో ఉన్న మనిషి కొత్త గోడలతో పాటు పదిహేను ఇరవై ఏళ్ల వాయిదా మోయాలి. ఇది మేలా కాదా అన్నది ఆ కుటుంబం రాబడిని బట్టి ఉంటుంది. అధికారులు గీసిన ప్లానులో ఆ రాబడికి చోటుండదు.

తాళం వేసిన ఇల్లు

డబ్బు సమస్యకు ఏదో ఒక జవాబు దొరుకుతుంది. జాబితా సమస్య అలాంటిది కాదు. కూల్చే ముందు సర్వే జరుగుతుంది. తలుపు కొడతారు, ఆధార్ అడుగుతారు, అలాట్‌మెంటు కాగితంతో సరిచూస్తారు. అప్పుడు బయటపడే మనుషులు నాలుగైదు రకాలు.

పట్టాదారే ఉంటున్న ఇల్లు సులువు. పట్టాదారు చనిపోతే వారసులెవరన్నది రెండో ప్రశ్న. మన రాష్ట్రంలో ఇళ్ల పట్టాలు ఎక్కువగా ఆడవాళ్ల పేరున ఇస్తారు. తల్లి పోయాక ఆ ఇంట్లో చిన్న కొడుకు ఉంటాడు, పెద్ద కొడుకు వేరే ఊళ్లో ఉంటాడు, కూతురికీ సమాన హక్కు ఉంటుంది. 160 అడుగుల ఇంటి మీద ఎవరూ వాటా అడగరు. అది 430 అడుగుల ఫ్లాటు అవుతుందని తెలిసిన రోజున ముగ్గురూ అడుగుతారు.

మూడో రకం కొనుక్కున్నవారు. నిబంధన ప్రకారం అమ్మకూడని ఇంటిని ఆస్పత్రి ఖర్చుకో, పెళ్లికో వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి ఇచ్చేశారు. కొన్నవాడు పూర్తి డబ్బు ఇచ్చాడు, పదిహేనేళ్లుగా ఇంటి పన్ను, కరెంటు బిల్లు కడుతున్నాడు. చట్టం ముందు అతను ఎవరూ కాడు. అసైన్డ్ భూముల (ప్రభుత్వం పేదలకిచ్చిన భూముల) బదిలీని నిషేధించిన 1977 నాటి చట్టానికి సవరణలు తెచ్చి, ఇంటి స్థలాలను నిర్ణీత గడువు తర్వాత అమ్ముకునే వీలు కల్పించారు. ఆ గడువు లోపల జరిగిన అమ్మకాల మాట మాత్రం మిగిలే ఉంది. అమ్మినవాడి పేరున కొత్త ఫ్లాటు ఇస్తే కొన్నవాడు మోసపోతాడు. కొన్నవాడికి ఇస్తే నిబంధన తప్పినవారికి బహుమానం ఇచ్చారంటారు. నాలుగో రకం అద్దెకున్నవారు. వీరికి ఏ జాబితాలోనూ చోటుండదు, కాలనీలో అందరికంటే బీదవారు తరచుగా వీరే.

ఈ జిల్లాలకు ప్రత్యేకమైనది ఐదో రకం. తాళం వేసిన ఇల్లు. హైదరాబాద్, చెన్నై, విశాఖల్లో భవన నిర్మాణం పనులకు, గుజరాత్‌లోని వెరావల్ దాకా చేపల వేటకు వెళ్లే జనం ఉన్న జిల్లాలివి. ఏడాదిలో ఆరేడు నెలలు ఇంటికి తాళమే. సర్వే చేసేవారి ఫారంలో అది ‘ఖాళీ ఇల్లు’ అవుతుంది. ఖాళీ ఇల్లంటే అవసరం లేనివాడని అర్థం తీస్తారు. ఆధార్ చిరునామా పని చేసే ఊరికి మారి ఉంటే ఇక రుజువు చూపడం కూడా కష్టం. హైదరాబాద్‌లో ఎవరికో అపార్ట్‌మెంటు కడుతూ ఉన్న మేస్త్రికి సొంత ఊళ్లో ఇల్లు పోయిందన్న సంగతి ఫోన్‌లో తెలిసే పరిస్థితి ఇది. సంక్రాంతికి ఊళ్లు నిండుతాయి కాబట్టి ఆ వారంలో సర్వే పెడితే సగం తగాదా తీరుతుంది. సెలవుల్లో సర్వే ఎవరు చేస్తారన్నది వేరే విషయం.

వీటన్నిటి మీద ఇంకో నిబంధన ఉంది. 2024 సెప్టెంబరు నుంచి అమలవుతున్న ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలో, గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ పథకం కిందైనా ఇల్లు పొందినవారు అర్హులు కారు. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. మొదటి దశలో ఉన్న ‘ఉన్నచోటే మురికివాడల పునర్నిర్మాణం’ అనే విభాగాన్ని రెండో దశలో తీసేశారు. దీన్ని వాంబే ఇంటికి వర్తింపజేస్తే విచిత్రంగా ఉంటుంది. 2004లో ఇల్లు అందుకున్నవారికి గడువు దాటింది, 2008లో గృహకల్ప ఫ్లాటు అందుకున్నవారికి దాటలేదు. ఇద్దరి శ్లాబూ ఒకేలా కారుతూ ఉండవచ్చు. పైగా శ్లాబు పెచ్చులూడుతున్నా అది కాగితం మీద పక్కా ఇల్లే.

ఊరి నడుమ నుంచి ఊరి అంచుకు

ఉన్నచోట కట్టడం కుదరనప్పుడు ప్రభుత్వాలు చూపేది ఊరి బయట స్థలం. విజయనగరం దగ్గర గుంకలాంలో 397 ఎకరాల్లో 12 వేలకు పైగా ప్లాట్లతో వేసిన లేఅవుటు రాష్ట్రంలోనే పెద్దవాటిలో ఒకటి. 2020 డిసెంబరులో అక్కడ పట్టాల పంపిణీ జరిగింది. పట్టణ పేదలకు ఒక సెంటు, అంటే 48 గజాల చిల్లర. తర్వాత వచ్చిన ప్రభుత్వం పట్టణాల్లో రెండు సెంట్లు, గ్రామాల్లో మూడు సెంట్లు అంది. స్థలం ఎంతన్న దాని మీద రాజకీయ వాదన గట్టిగా నడిచింది. దూరం మీద అంత నడవలేదు.

నాలుగిళ్లలో పాచి పని చేసే మనిషికి, తెల్లవారుజామున మార్కెట్‌లో మూటలు దించే కళాసీకి ఇంటి విలువ అడుగుల్లో ఉండదు, నడకలో ఉంటుంది. రోజూ రానుపోను ఆటో ఖర్చు పెడితే నెలకు ఓ చిన్న పోర్షన్ అద్దె అంత అవుతుంది. అందుకే చాలామంది బయట ఇల్లు కట్టుకుని కూడా ఊళ్లో అద్దెకే ఉంటారు. దాన్నే మళ్లీ అధికారులు ‘ఇల్లిచ్చినా ఉండటం లేదు’ అని రాస్తారు. చెన్నైలో నగరం అంచున ఉన్న కణ్ణగి నగర్, పెరుంబాక్కంలకు తరలించిన కుటుంబాల విషయంలో వచ్చిన విమర్శ ఇదే. తోటపల్లి, హిరమండలం సాగునీటి ప్రాజెక్టుల నిర్వాసితుల్ని చూసిన జిల్లాలకు ఇది కొత్త కథ కాదు. తేడా ఒక్కటే. ప్రాజెక్టు కింద ఊరు మునిగితే ప్యాకేజీ అడిగే చట్టం ఉంది. కాలనీ కూలితే అడగడానికి అలాంటిది లేదు.

లండన్‌లోని హేగేట్ ఎస్టేటు చేదు ఉదాహరణగా మిగిలింది. దాదాపు 1,200 ఇళ్ల సముదాయాన్ని 2014 నాటికి పూర్తిగా కూల్చి, రెండింతల ఇళ్లకు ప్లాను ఆమోదించారు. అందులో పాత తరహా తక్కువ అద్దెకు కేటాయించినవి సుమారు 80. ఆ గొడవల తర్వాత 2018 నుంచి లండన్ నగరపాలన నిధులు తీసుకునే కూల్చివేత ప్రాజెక్టులకు కాలనీవాసుల ఓటింగు తప్పనిసరి చేశారు. ముంబై మురికివాడల పథకంలో మాత్రం ప్రాజెక్టుకు కావాల్సిన నివాసుల సమ్మతి శాతాన్ని 70 నుంచి 51కి తగ్గించారు. ఒకచోట గొంతు పెరిగింది, మరోచోట తగ్గింది.

ముంబైలోనే మెరుగైన ఉదాహరణా ఉంది. 1920ల నాటి బీడీడీ చాళ్లలో (ప్రభుత్వం కట్టించిన ఒక్క గది ఇళ్ల బ్లాకుల్లో) 160 అడుగుల గదుల్లో ఉన్నవారికి అక్కడే 500 అడుగుల ఫ్లాట్లు కట్టి, 2025 ఆగస్టులో వర్లీలో మొదటి విడత 556 మందికి తాళాలిచ్చారు. వాంబే ఇంటి కనీస విస్తీర్ణం కూడా 160 అడుగులే. కాకపోతే వర్లీ భూమి వర్లీ భూమే.

చట్టం ఇచ్చే రక్షణ

కూల్చివేతల విషయంలో 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కనీసం 15 రోజుల నోటీసు, వినిపించుకునే అవకాశం తప్పనిసరి అంది. రోడ్లు, రైల్వే లైన్లు, నీటి వనరుల మీది ఆక్రమణలకు ఇది వర్తించదు. ముంబై ఫుట్‌పాత్ వాసుల కేసులో 1985 నాటి ఓల్గా టెల్లిస్ తీర్పు జీవనోపాధిని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. అయితే ప్రత్యామ్నాయం చూపకుండా తొలగించనే కూడదని అనలేదు. శిథిల భవనమని నోటీసిచ్చి ఖాళీ చేయించే అధికారం మున్సిపాలిటీకి ఉంది, తిరిగి ఇల్లివ్వాల్సిన బాధ్యత ఆ నోటీసులో ఉండదు. భయం పుట్టేది ఆ సందులోంచే.

ఇకముందు జరిగేది

అన్నిచోట్లా ఒకేసారి కూల్చివేతలు వచ్చే అవకాశం తక్కువ. ఎక్కువ కాలనీల్లో నోటీసు, చిన్న మరమ్మతు, మళ్లీ నోటీసు అనే చక్రం నడుస్తుంది. మెయిన్ రోడ్డు పక్క క్వార్టర్ల స్థలాలకు ప్రతిపాదనలు వస్తాయి. ఎన్నికలు దగ్గరపడితే కూల్చే మాట ఆగుతుంది, కట్టే మాట పెరుగుతుంది. ప్రభుత్వం మారితే పథకం పేరు, రంగు, జాబితా మూడూ మారతాయి. టిడ్కోలో మొదట అనుకున్న సంఖ్య తగ్గి 2,62,216 ఇళ్ల దగ్గర ఆగింది. మధ్యలో పేరు పోయినవారికి కట్టిన డబ్బు తిరిగి రావడమే పెద్ద పని అయింది.

కాలనీవాసులు అడగగలిగింది, అధికారులు ఇవ్వగలిగింది ఒకటుంది. ఖాళీ చేసే ముందే కొత్త బ్లాకులో ఫ్లాటు నంబరు వేసి, వారసుల పేర్లతో సహా రాసిన ఒప్పందం, రెండేళ్ల అద్దె ముందుగా బ్యాంకులో డిపాజిట్. బిల్డర్లు మధ్యలో అద్దె ఎగవేసిన కేసులు పెరిగాక ముంబైలో ఈ డిపాజిట్ నిబంధన పెట్టారు. ఇంకో దారి, కాలనీలోని ఖాళీ జాగాలో ముందు ఒక బ్లాకు కట్టి, పాత బ్లాకు వారిని అందులోకి మార్చి, ఆ తర్వాతే దాన్ని కూల్చడం. ఇందులో అద్దె గొడవే ఉండదు. దీనికి కావాల్సింది పావు ఎకరం ఖాళీ. పాత లేఅవుట్లలో పార్కుకూ కమ్యూనిటీ హాలుకూ వదిలిన స్థలం అంతే ఉండేది. ఇప్పుడు చాలా కాలనీల్లో ఆ చోట గుడో, వాటర్ ట్యాంకో, ఎవరిదో గోడో ఉంది.